రోజుకు ఐదు అల్బేనియన్ పొట్టిమాటలు

నవంబర్ 2, ఆదివారం. మదీనా

సాయంత్రం 5:30. కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త మస్తాన్!

ఈ ఉదయం మా ముదీర్ ఖాలిద్ గారు, అంటే మా హోటల్ ఫ్రంటాఫీసు మేనేజరు, సామాన్లు మోసే మా తొమ్మిది మందినీ లిఫ్టు పక్కన వరసగా నిలబెట్టారు. రేపు కొసావో నుంచి నలభై ఆరు మంది ఉమ్రా యాత్రికులు వస్తున్నారట. అందరూ పెద్దవాళ్లు. అందరిదీ అల్బేనియన్ భాష. రిసెప్షన్‌కు ఫోన్ చెయ్యరు, ఏం కావాలన్నా వాట్సాప్ గ్రూపులో రాస్తారు. రాసేది కూడా సగం మాట మింగేసి రాస్తారు. పోయినసారి వచ్చినవాళ్ల మెసేజులు చూసి ట్రాన్స్‌లేటర్ యాప్ చేతులెత్తేసిందట. దుప్పటి అడిగినవాళ్లకు మనవాళ్లు వీల్‌చైర్ పంపారట.

"ఈ గ్రూపును బాగా చూసుకున్నవాడికి గెస్ట్ సర్వీస్ డెస్క్," అన్నారు ఖాలిద్ గారు.

డెస్క్! కుర్చీ! కోటు! ఏసీ!

అవన్నీ ఒక ఎత్తు. అసలు సంగతి వేరే. నా ఇఖామాలో, అంటే ఇక్కడి నివాస కార్డులో, ఇప్పుడు వృత్తి దగ్గర 'లోడింగ్ కార్మికుడు' అని ఉంది. ఆ మాట ఉన్నంతకాలం పర్వీన్‌ను ఇక్కడికి తెచ్చుకునే వీల్లేదు. డెస్క్ వస్తే ఆ మాట మారుతుంది. మా పెళ్లయి ఐదేళ్లు. నా సెలవులన్నీ కలిపితే మేం ఒక్కచోట ఉన్నది ఏడు నెలలు.

వెంటనే చెయ్యెత్తాను. నాతోపాటు ఎత్తినవాడు నా రూమ్మేట్, నిజామాబాద్ అబ్దుల్ ఘనీ ఒక్కడే. చంక గోక్కోవడానికి ఎత్తానని తర్వాత చెప్పాడు. హోటల్ ఫోను నా చేతికి వచ్చింది.

తీర్మానాలు:
1. రోజుకు ఐదు అల్బేనియన్ పొట్టిమాటలు. పది రోజులకు యాభై.
2. ట్రాన్స్‌లేటర్ యాప్ ముట్టకూడదు. (ఫోన్లోంచి తీసేశాను. 5:41.)
3. ప్రతి గెస్టునూ సొంత మనిషిలా పలకరించాలి.
4. ఘనీ మాట వినకూడదు.

ఘనీ ఇది చదివి, "నాలుగోది ఒక్కటి నిలబడ్తది భాయ్, మిగిల్నయి సూద్దాం," అన్నాడు. అప్పుడే గాలి తీసేశాడు.

నవంబర్ 3, సోమవారం

మధ్యాహ్నం 12:15. వచ్చారు! నలభై ఆరు మంది, అరవై మూడు షన్తాలు. షన్తా అంటే సూట్‌కేసు. ఒక్కొక్కటి ఇనుప బీరువా.

వాళ్ల లీడరు బెస్నిక్ మాస్టారు. అరవై దాటినవాడు, నెత్తిన తెల్ల ఉన్ని టోపీ. ప్రిజ్రెన్ ఊళ్లో ముప్పై ఏళ్లు అల్బేనియన్ భాష చెప్పిన మనిషి. ఇంగ్లీషు బాగా వచ్చు. పొట్టిమాటలు నేర్పమని అడిగితే ఆయన ముఖం చేదు మాత్ర చప్పరించినట్టు అయింది.

"అవి మాటలు కావు. మాటల ఎముకలు," అన్నాడు.

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి నా చొక్కా లాగింది. హైరియె అమ్మ. డెబ్బై రెండేళ్లు, పొట్టి మనిషి, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఒక్క బొటనవేలితో టైపు చేస్తుంది, మా ఘనీ బిర్యానీ తినే వేగంతో. ఫోను నా ముఖం దగ్గర పెట్టి మూడక్షరాలు చూపించింది. ఎఫ్, ఎల్, ఎం. ఫలెమిందెరిత్. అంటే థాంక్స్.

నిజమే కదా! ఫలెమిందెరిత్ అని పూర్తిగా రాసేలోగా ఇచ్చిన టీ చల్లారిపోతుంది.

ఈరోజు మాటలు: ఎఫ్.ఎల్.ఎం. (థాంక్స్). తుంగ్ (ఉంటాను). మిర్ (బాగు). పో (అవును). జో (కాదు). ఐదు! పక్కా ఐదు!

2:10. పర్వీన్ మెసేజు: "తిన్యావా?" రోజూ ఇదే టైముకు ఇదే మాట. నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. రెండు వందల మందికి వడ్డించి, చెయ్యి కడుక్కొని, మొదట పెట్టే మెసేజు ఇది. నేను పెట్టే జవాబు కూడా రోజూ ఒకటే. కె. ఇంగ్లీషులో ఒక్క అక్షరం.

నవంబర్ 4, మంగళవారం

ఉదయం 7:00. గ్రూపులో ఇరవై రెండు మెసేజులు. పద్నాలుగు అర్థమయ్యాయి! నేను పుట్టిందే కొసావోలో ఏమో!

ఈరోజు మాటలు: ర్రోఫ్ష్ (నిండు నూరేళ్లు బతుకు, ఇది కూడా థాంక్సే). స్కా గ్యె (ఫర్వాలేదు). నెసర్ (రేపు). శ్పిర్త్ (ప్రాణమా). జాన్ (ప్రియమైన).

హైరియె అమ్మ నన్ను మస్తాన్ జాన్ అని రాసింది. ఘనీకి చూపించాను.

"గిది మన జానే గద ర. గిందుల నేర్సుకునుడేముంది? లెక్కల కెల్లి తీసెయ్."

తీర్మానం నాలుగు ప్రకారం వినలేదు. ఐదు రాసుకున్నాను.

సాయంత్రం 5:00. గ్రూపులో యుద్ధం. హైరియె అమ్మ తువ్వాలు అడుగుతూ మూడు మాటల్లో రెండు అచ్చులు కూడా లేకుండా రాసింది. బెస్నిక్ మాస్టారు అదే వాక్యాన్ని చుక్కలు, కామాలతో సహా పూర్తిగా రాసి, కింద ఎర్ర బాణం గుర్తు పెట్టాడు. ఆమె జవాబు: ఎఫ్.ఎల్.ఎం. దాని కింద మిగతా అమ్మలందరూ వరసగా ఎఫ్.ఎల్.ఎం., ఎఫ్.ఎల్.ఎం., ఎఫ్.ఎల్.ఎం. ముప్పై ఒక్కటి లెక్కపెట్టాను. మాస్టారు గంటసేపు గ్రూపు వదిలి వెళ్లిపోయాడు.

తువ్వాలు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. యాప్ లేకుండా! ఖాలిద్ గారు చూశారు. తలూపారు. పర్వీన్‌కు విమానం టికెట్ కొన్నంత సంబరమైంది.

నవంబర్ 5, బుధవారం

రెండే మాటలు. కాదు, మూడు. మూడోది హాయ్దె. రా అన్నా అదే, పద అన్నా అదే, సరే అన్నా అదే. అర్థాలు మూడు కాబట్టి మూడు కింద లెక్క. మొత్తం ఐదు!

సాయంత్రం మోకాళ్లు పట్టేశాయి. ఇద్దరు అమ్మలు ఖర్జూరాల మార్కెట్టుకు వెళ్లి ఒక్కొక్కరు పన్నెండు కిలోలు తెచ్చారు. ఊరంతటికీ పంచాలట.

నవంబర్ 6, గురువారం

ఉదయం 8:20. ఇదేం గొడవ!

హైరియె అమ్మ లాబీలో నన్ను చూసి, నవ్వి, "అ ఉ లొధె?" అంది. తర్వాత గ్రూపులో కూడా నా పేరు పెట్టి అదే రాసింది. అదొక్కటే పూర్తిగా రాసింది, ఒక్క అక్షరం కూడా మింగలేదు. కాసేపటికే మరో నలుగురు అమ్మలు అదే మాట రాశారు.

యాప్ మళ్లీ వేసుకున్నాను. (ఒక్క మాట కోసమే. ఇది తీర్మానం తప్పడం కాదు, అత్యవసరం.)

యాప్ చెప్పింది: "అలసిపోయావా?"

ఏమిటిది? నేను అలసిపోయినట్టు కనిపిస్తున్నానా? ఖాలిద్ గారు కూడా ఆ గ్రూపులో ఉన్నారు కదా! డెస్క్ మీద కూర్చోబెట్టాల్సిన మనిషి గురించి ఐదుగురు గెస్టులు ఇలా రాస్తే ఏమనుకుంటారు?

జవాబు పెట్టాను: "జో! జో! జో!" పక్కన కండలు చూపించే బొమ్మ మూడుసార్లు.

2:10. పర్వీన్: "తిన్యావా?" నేను: కె.

2:11. పర్వీన్: "నిజంగా తిన్యావా, లేకపోతే కె అని తిన్యావా?"

నవంబర్ 7, శుక్రవారం

జుమా రోజు. జనం, జనం, జనం. మాటలు నేర్చుకునే తీరిక లేదు. అల్లా మన్నిస్తాడు, డైరీ కూడా మన్నించాలి.

కానీ అలసట గొడవ అలాగే ఉంది. ఉదయం నుంచి పద్దెనిమిది మంది అడిగారు. లిఫ్టులో అడిగారు, మెట్ల మీద అడిగారు, నమాజు ముందు వుజూకు కాళ్లూచేతులూ కడుక్కొని వస్తూ అడిగారు. ఒక పెద్దాయన నా భుజం పట్టుకొని మరీ అడిగాడు. ఒళ్లు మండింది. పన్నెండేళ్లుగా సామాన్లు మోస్తున్నాను, ఒక్కడు కూడా నన్ను ఇంతమాట అనలేదు!

చర్యలు:
గడ్డం నున్నగా గీసుకున్నాను.
కళ్ల కింద ఘనీ ఫెయిర్‌నెస్ క్రీము రాశాను. (వాడికి చెప్పలేదు.)
పక్క బకాలా కొట్లో ఎనర్జీ డ్రింకులు రెండు కొని తాగాను.
ట్రాలీ వాడటం మానేశాను. రెండు షన్తాలు రెండు భుజాల మీద పెట్టుకొని లాబీలో అటూ ఇటూ పరుగెత్తాను, అందరూ చూడాలని.

4:40. హైరియె అమ్మ నోరెళ్లబెట్టి చూసింది. తర్వాత నెమ్మదిగా, ఎంతో బాధగా, "అ ఉ లొధె, మస్తాన్ జాన్?" అంది.

షన్తా కాలి మీద పడింది.

నవంబర్ 8, శనివారం

బొటనవేలు వంకాయ రంగులో ఉంది. మాటలు: సున్నా. కాలు నొప్పిగా ఉన్నప్పుడు భాష ఎక్కదు. ఇది డాక్టర్లకు కూడా తెలిసిన విషయం.

ఘనీ: "గాళ్లు మంచిగనే అడుగుతున్నరు గద. నువ్వెందుకు గింత ఉడుక్కుంటున్నవ్? ఒక నవ్వు నవ్వి పో."

వినలేదు.

కుంటుతూ ఒక సంగతి ఆలోచించాను. తప్పు నాదే. ఐదు రోజులుగా వాళ్లు అడిగినవి ఇస్తున్నానే గానీ, నా అంతట నేను ఒక్కరినైనా పలకరించానా? తీర్మానం మూడు ఏమైంది? సొంత మనిషిలా పలకరిస్తే ఈ అలసట మాట వాళ్లే మర్చిపోతారు. పలకరించడం మాకు తెలియనిదా? నంద్యాలలో గడ్డం గీసే మంగలి కూడా కత్తి పట్టుకొనే ముందు పలకరిస్తాడు.

యాప్ తీశాను. (అలవాటు కాదు, సాయం.) రెండు వాక్యాలు తయారు చేసుకున్నాను. రేపు చూడండి మస్తాన్ ప్రతాపం!

నవంబర్ 9, ఆదివారం

కొంప మునిగింది.

ఇప్పుడు సాయంత్రం 6:30. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం గ్రూపంతా ఖుబా, ఉహుద్ పుణ్యస్థలాల జియారత్‌కు బస్సులో వెళ్లింది. మధ్యాహ్నం భోజనానికి డబ్బాలు కట్టిచ్చారు. ఒక రొట్టె, ఒక ఆపిలు, ఒక జ్యూసు. అసర్ నమాజు తర్వాత గదులకు చేరారు.

4:05. గ్రూపులో రాశాను: "అ కెని ఎంగ్రెన్?" అంటే, తిన్నారా? పక్కన గులాబీ.

ఎంత బాగా పలకరించాను! మనిషి కనిపిస్తే మనం అనే మొదటి మాట అదే కదా.

4:06. జవాబులు. జో. జో. జో, మస్తాన్ జాన్. జో, శ్పిర్త్. ఇరవై తొమ్మిది మంది జో. తినలేదట.

సంతోషం పట్టలేకపోయాను. నాతో మాట్లాడుతున్నారు! ఇక 'ఇంకా లేదు' అన్న మనిషికి మర్యాద తెలిసినవాడెవడైనా ఏమంటాడు? అదే అన్నాను. రెండో వాక్యం పెట్టాను: "హని, హని!" తినేయండి, తినేయండి. పక్కన ఇంకో గులాబీ.

4:09. ఎఫ్.ఎల్.ఎం. ఎఫ్.ఎల్.ఎం. ఎఫ్.ఎల్.ఎం.

ఫోను జేబులో పెట్టుకొని, ఘనీతో, "చూశావా, ఇట్లా మాట్లాడాలి," అన్నాను.

4:15. లిఫ్టులు మూడూ ఒకేసారి తెరుచుకున్నాయి. నలభై ఆరు మందీ దిగారు. అమ్మలు మంచి స్కార్ఫులు కట్టుకున్నారు. మగవాళ్లు తెల్ల టోపీలు సర్దుకున్నారు. నా ముందు నుంచే, నన్ను దీవించుకుంటూ, డైనింగ్ హాల్లోకి నడిచారు.

డైనింగ్ హాలు మూడింటికే మూసేశారు. కుర్చీలు టేబుళ్ల మీద తలకిందులుగా ఉన్నాయి. క్లీనింగ్ వాళ్లు నేల కడుగుతున్నారు. మా అమ్మలు తడినేల మీద చెప్పులు చేత్తో పట్టుకొని నడిచి, కుర్చీలు వాళ్లే దించుకొని, కూర్చున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకొని వంటింటి తలుపు వైపు చూశారు.

నేను కూడా చూశాను. అల్లా, ఆ తలుపులోంచి ఏదో ఒకటి పంపు!

ఖాలిద్ గారు వచ్చారు. ముందు వాళ్లను చూశారు. తర్వాత హోటల్ ఫోను నా చేతిలోంచి తీసుకొని గ్రూపు చదివారు. యాప్ ఆయన దగ్గర కూడా ఉంది.

"తినండి అని నువ్వే రాశావా?"

"పలకరింపు సార్."

"పలకరింపా? నలభై ఆరు మందిని భోజనానికి పిలిచి పలకరింపు అంటావా?"

వంటవాడు పెషావర్ గుల్జార్ భాయ్ నిద్రలోంచి లేచి వచ్చాడు. ఉన్నవి చూశాడు. ఫ్రిజ్‌లో జున్ను, ఆలివ్ కాయలు, పొద్దున మిగిలిన రొట్టెలు. "భాయ్, పదిహేను నిమిషాలివ్వు," అన్నాడు. ఘనీ, నేను పరుగులు. టీ, రొట్టె, జున్ను, ఖర్జూరాలు. ఒక అమ్మ తన పన్నెండు కిలోల్లోంచి రెండు కిలోలు తెచ్చి ఇచ్చింది. తిన్నారు. నవ్వారు. హైరియె అమ్మ ఒక రొట్టెముక్క తుంచి బలవంతంగా నా నోట్లో పెట్టింది.

5:40. ఖాలిద్ గారు: "ఫోను నాకిచ్చెయ్. రేపట్నుంచి బేస్‌మెంటులో లగేజీ స్టోరు చూసుకో. గెస్టుల కంట పడకు."

డెస్క్ పోయింది. పర్వీన్‌కు ఏం చెప్పాలి?

నవంబర్ 10, సోమవారం

బేస్‌మెంటు. సున్నా మాటలు. అల్బేనియన్ పనికిమాలిన భాష. అచ్చులు మింగేసే భాషను నమ్మడమే నా తప్పు.

2:10. పర్వీన్: "తిన్యావా?"

తినలేదు. జవాబు పెట్టలేదు. కె కూడా పెట్టలేదు.

నవంబర్ 11, మంగళవారం

ఉదయం 10:00. బేస్‌మెంటులో తీర్మానాలు మళ్లీ చదివాను. నాలుగోది ఒక్కటే నిలబడింది. ఘనీ చెప్పినట్టే అయింది. ఆ రోజు నవ్వి ఊరుకొమ్మన్నాడు, విని ఉంటే బాగుపడేవాణ్ణి.

11:30. మెట్ల మీద చప్పుడు. బెస్నిక్ మాస్టారు! నన్ను వెతుక్కుంటూ దిగాడు. వెనకాల రెయిలింగు పట్టుకొని హైరియె అమ్మ. వస్తూనే అంది: "అ ఉ లొధె?"

ఏడుపొచ్చినంత పనైంది. "మాస్టారూ, ఆమెకు చెప్పండి. నేను అలసిపోలేదు. మూడు రోజుల నుంచి ఒక్క షన్తా కూడా సరిగ్గా మొయ్యలేదు. ఇంకెందుకు అడుగుతుంది?"

మాస్టారు ఒక సూట్‌కేసు మీద కూర్చున్నాడు. "నువ్వు దాన్ని తిట్టు అనుకున్నావా?"

"మరి?"

"మా కొండల్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవాలంటే రోజంతా నడవాలి. గడప దాటి వచ్చినవాణ్ణి మొదట అడిగే మాట అదే. అలసిపోయావా? అది పలకరింపు. ఇప్పుడు కార్లలో తిరుగుతున్నాం, అయినా అదే అంటాం. నువ్వంటే ఇష్టం కాబట్టి అడిగారు."

నలభై ఆరు మంది! ఐదు రోజులు! నేనేమో కండల బొమ్మలు!

"సరే, నువ్వు చెప్పు," అన్నాడు మాస్టారు. "వంటిల్లు మూసేసి ఉండగా తిన్నారా అని ఎందుకు అడిగావు?"

"మా దగ్గర అదే పలకరింపు మాస్టారూ. మనిషి కనిపిస్తే తిన్నావా అంటాం. పెట్టడానికి కాదు. బాగున్నావా అన్నట్టు."

"మరి తినండి, తినండి అని?"

"ఇంకా లేదు అన్నారు కదా. తినేయండి అనకుండా ఊరుకుంటే బాగుంటుందా? మర్యాద కాదు కదా."

మాస్టారు ఇదంతా అల్బేనియన్‌లో హైరియె అమ్మకు చెప్పాడు. ఆమె ఒక క్షణం నన్ను చూసింది. తర్వాత మొదలుపెట్టింది నవ్వడం. మాస్టారు టోపీ కింద పడేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ బేస్‌మెంటులో నేను నవ్వడం అదే మొదలు.

నవ్వు ఆగాక ఆమె ఏదో అడిగింది. మాస్టారు చెప్పాడు: "నిన్ను రోజూ తిన్నావా అని అడిగేవాళ్లు ఎవరు అంటోంది."

"నా భార్య," అన్నాను.

"ఆమెను అలసిపోయావా అని అడిగేవాళ్లు ఎవరు అంటోంది."

రెండు వందల మందికి వండే మనిషి. ఐదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

నవంబర్ 12, బుధవారం

ఉదయం 9:00. గ్రూపు మక్కాకు బయలుదేరింది. షన్తాలు ఎక్కించడానికి పైకి పిలిచారు. ఇప్పుడు ఎనభై ఒకటి ఉన్నాయి. ఖర్జూరాలు.

హైరియె అమ్మ చేతిసంచిలోంచి ఉన్ని మేజోళ్లు తీసింది. సొంతంగా అల్లినవి. మదీనా ఎండలో ఉన్ని మేజోళ్లు! రెండు జతలు. నాకొకటి. ఇంకోటి చిన్న పాదాలకు, పర్వీన్ కోసం.

నేను చెయ్యి గుండె మీద పెట్టుకొని, "అ ఉ లొధె?" అని అడిగాను. బస్సు మెట్ల మీద అమ్మలందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు.

9:40. బస్సు మలుపు తిరిగింది. ఘనీ పరుగెత్తుకొచ్చి రిసెప్షన్ దగ్గర హోటల్ ఫోను చూపించాడు. గ్రూపులో బెస్నిక్ మాస్టారి మెసేజు. చుక్క లేదు, కామా లేదు. మూడక్షరాలు.

ఎఫ్.ఎల్.ఎం.

దాని కింద ముప్పై ఎనిమిది గులాబీలు.

నవంబర్ 13, గురువారం

ఉదయం 11:00. ఖాలిద్ గారు పిలిచారు. చేతిలో ట్రావెల్స్ వాళ్ల ఫీడ్‌బ్యాక్ కాగితం. 'మీకు బాగా నచ్చింది ఏమిటి' అన్న చోట మాస్టారి గుండ్రని చేతిరాత: 'నాలుగింటి టీ.'

"నాలుగింటి టీ అని మన హోటల్లో ఏదీ లేదు," అన్నారు ఖాలిద్ గారు.

నేను నేల చూశాను.

"ఇప్పట్నుంచి ఉంటుంది. ముసలివాళ్ల గ్రూపు ఏది వచ్చినా అసర్ తర్వాత టీ, రొట్టె, జున్ను. వంటింటికి చెప్పాను. ఇక నీ సంగతి. డెస్క్ ఇప్పుడు ఇవ్వను. డిసెంబరు 20న ఇదే ట్రావెల్స్ నుంచి తొంభై మంది వస్తున్నారు. ఫోను నీకే ఇమ్మని రాశారు. టైము కాని టైములో ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, డైనింగ్ హాల్లో కనిపించకపోతే అప్పుడు డెస్క్ గురించి మాట్లాడదాం."

ఫోను బల్ల మీద నా వైపు తోశారు. తీసుకున్నాను. ఆయన మళ్లీ కాగితాల్లో తల దూర్చారు.

నవంబర్ 14, శుక్రవారం

2:10. పర్వీన్: "తిన్యావా? మూన్నాలుగు దినాల సంది పలకవు, ఉలకవు. ఏమైంది నీకు?"

కె అని కొట్టబోయాను. వేలు ఆగింది. చెరిపేశాను.

2:14. నేను: "తిన్నా. నువ్వు అలసిపోయినావా?"

రెండు నీలం గీతలు. జవాబు లేదు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఫోను మోగింది.

"ఏం తప్పు జేసినావ్?" అంది ఎత్తగానే.

"ఏం చేయలేదు పర్వీన్."

"మల్ల ఇదేంది? అలసిపోయినావా అంట! ఎవరన్నా పక్కన ఉండారా? ఒళ్లు బాగలేదా నీకు?"

"బాగానే ఉంది. ఊరికే అడిగినా."

వెనకాల హాస్టల్ వంటింట్లో గిన్నెలు కడిగే చప్పుడు.

"ఊఁ," అంది చివరికి. "అలసిపోయినా. నడుము పట్టుకుపోయింది. ఇద్దరు వంటోళ్లు మానేసినారు, నెల నుంచి నేనొక్కదాన్నే. నీకు యాడ చెప్పేది? నువ్వు కె అంటావు, అయిపోతాది."

నలభై నిమిషాలు మాట్లాడింది. మానేసిన వంటవాళ్ల పేర్లు, గ్యాసు పొయ్యి కాలిన చెయ్యి, వార్డెన్ నస, అన్నీ. ఐదేళ్లలో నేను విననివి. నేను మధ్యలో ఒక్కసారి కూడా కె అనలేదు. ఆఁ, ఊఁ అన్నాను, అంతే. తర్వాత బేస్‌మెంటు కథ, టీ కథ, మేజోళ్ల కథ చెప్పాను. అలసిపోయావా అని ఆ భాషలో ఎలా అడుగుతారో రెండుసార్లు చెప్పించుకుంది.

"ఆ ముసలామె చేతులు సల్లగుండ," అంది. తర్వాత, "డిసెంబర్లోనైనా నోరు అదుపులో పెట్టుకో," అంది.

నవంబర్ 15, శనివారం

ఉదయం 6:30. కొత్త పేజీ. పాత పెన్ను. కొత్త మస్తాన్! ఈసారి నిజంగా!

తీర్మానాలు:
1. రోజుకు ఐదు అల్బేనియన్ పొట్టిమాటలు. డిసెంబరు 20 లోపు నూట డెబ్బై ఐదు. (ఘనీ: "గిన్ని మాటలు ఆ భాషల ఉంటయా భాయ్?")
2. యాప్ తీసేయాలి. (బొటనవేలు మానాక.)
3. పలకరింపు నాలుగింటికే. వంటింట్లో టీ కాగిందని కళ్లారా చూశాకే.
4. పర్వీన్‌కు కె బంద్.
5. ఘనీ మాట వినాలి. నెలకు ఒకసారి.

మొదలు! పర్వీన్‌కు పెద్ద మెసేజు రాశాను. ఒక్క అక్షరం మింగకుండా, చుక్కలు, కామాలతో, బెస్నిక్ మాస్టారు చూస్తే మురిసిపోయేట్టు. డెస్క్ గురించి, ఇఖామా గురించి, ఆమె వచ్చాక ఏ గది అద్దెకు తీసుకోవాలో, బాల్కనీ ఎటువైపు ఉండాలో. పదిహేను లైన్లు.

2:10. పర్వీన్: "కె."

ఒళ్లు మండిపోయింది! పదిహేను లైన్లకు ఒక్క అక్షరమా?

2:11. పర్వీన్: "ఎట్లుంది? ఐదేండ్లు నాకట్లే ఉండె."

2:12. ఇంకో మెసేజు వచ్చింది. నంద్యాల హాస్టల్ వంటింట్లోంచి, ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పు లేకుండా:

"అ ఉ లొధె?"

పన్నెండేళ్ల షన్తాలన్నీ భుజాల మీద ఒక్కసారి గుర్తుకొచ్చాయి.

2:20. నేను: "పో. ఎఫ్.ఎల్.ఎం., జాన్."

పో (అవును), ఎఫ్.ఎల్.ఎం. (థాంక్స్), జాన్. ఈరోజుకు మూడు. అవి పాతవే కదా అంటాడు ఘనీ. పర్వీన్‌కు పెట్టడం మాత్రం ఇదే మొదటిసారి, కాబట్టి లెక్కలోకి వస్తాయి. మిగతా రెండూ నెసర్, అంటే రేపు.